వందేళ్ల ఇంట్లో మా తొలి కాపురం

న్యూయార్క్‌లో ఇల్లు వెతకడం మొదలుపెట్టిన వారంలోనే ఓ మాట వంద సార్లు కనిపిస్తుంది. 'ప్రీవార్'. అంటే యుద్ధానికి ముందు కట్టింది. ఏ యుద్ధం అంటే రెండో ప్రపంచ యుద్ధం. మన దగ్గర ఇల్లు పాతదైతే రేటు తగ్గించమని బేరమాడతాం. లేదంటే డెవలప్‌మెంట్‌కి ఇస్తారా అని బిల్డర్ నుంచి ఫోన్ వస్తుంది. ఇక్కడ మాత్రం పాతదనమే గొప్ప. బ్రోకర్లు ప్రకటనలో మొదటి ముక్కగా అదే వేస్తారు.

పక్కనే ఇంకో రెండు మాటలు ఉంటాయి. 'రెనొవేటెడ్', అంటే బాగు చేయించింది. 'స్టార్టర్ హోమ్', అంటే ఉద్యోగంలో కాస్త కుదురుకున్నాక కొనుక్కునే మొదటి చిన్న ఇల్లు. ఈ మూడు మాటలూ కలిసిన ఫ్లాట్ ఒకటి మాకు జాక్సన్ హైట్స్‌లో దొరికింది. క్వీన్స్‌లో, మన్‌హటన్‌కి నది అవతల. 1920ల చివర్లో కట్టిన ఆరంతస్తుల ఇటుక బిల్డింగ్. సింగిల్ బెడ్‌రూమ్. నేనూ మా ఆయనా ఇద్దరం సాఫ్ట్‌వేరే. ఇద్దరివీ హెచ్‌1బీ వీసాలే.

మన్‌హటన్‌లో స్టూడియో ఫ్లాట్ రేటుకి ఇక్కడ ఓ బెడ్‌రూమ్, హాలు, కిటికీ ఉన్న వంటిల్లు వచ్చాయి. కిటికీ ఉన్న వంటిల్లు ఏం గొప్ప అనుకోకండి. అక్కడికీ వస్తాను.

పొలాల మధ్య వెలిసిన ఊరు

1909లో ఈస్ట్ రివర్ మీద క్వీన్స్‌బరో బ్రిడ్జి తెరిచారు. అప్పటికి ఈ ప్రాంతమంతా పొలాలే. ఎడ్వర్డ్ మెక్‌డూగల్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి పెట్టిన క్వీన్స్‌బరో కార్పొరేషన్ ఇక్కడ వందల ఎకరాలు కొని, జాక్సన్ హైట్స్ అని పేరు పెట్టింది. పేరులో 'హైట్స్' ఉంది గానీ పెద్ద ఎత్తేమీ లేదు. మన వెంచర్లకి 'హిల్స్', 'వ్యాలీ' అని పెట్టినట్టే. 1917లో పట్టాల రైలు వచ్చింది. ఇనుప స్తంభాల మీద నడిచే ఆ 7 నంబర్ లైన్ ఇప్పటికీ రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద అదే మోతతో పోతోంది.

ఆ కంపెనీ చేసిన తెలివైన పని ఒకటుంది. అప్పట్లో మన్‌హటన్‌లో పేదల అపార్ట్‌మెంట్లంటే గాలీ వెలుతురూ లేని ఇరుకు గదులు. ఇంగ్లండ్‌లో పుట్టిన 'గార్డెన్ సిటీ' ఆలోచన తీసుకుని, వీళ్లు బిల్డింగుల్ని వీధి అంచున కట్టి, బ్లాక్ మధ్య భాగం మొత్తం తోటకి వదిలేశారు. అన్ని బిల్డింగులకీ ఉమ్మడి తోట. చుట్టూ గదులు, మధ్యలో ఆకాశం. మా గుంటూరు జిల్లాలో పాత మండువా లోగిలి చూసినవాళ్లకి విషయం వెంటనే అర్థమవుతుంది. కాకపోతే ఇది ఓ బ్లాక్ పొడుగున్న మండువా. వీధిలోంచి చూస్తే లోపల తోట ఉందని కూడా తెలీదు.

ఆండ్రూ థామస్, జార్జ్ వెల్స్ అనే ఆర్కిటెక్టులు వీటిలో చాలావాటికి ప్లాన్లు గీశారు. 'షాటో' అనే భవనాలకి ఫ్రెంచ్ కోటల్లా ఏటవాలు స్లేటు కప్పులుంటాయి. 'టవర్స్' అనేది 1920ల మధ్యలో పూర్తయింది. 1993లో నగరం ఈ ప్రాంతాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. అప్పట్నుంచీ బయటికి కనిపించే కిటికీ మార్చాలన్నా నగర ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కావాల్సిందే.

'రెనొవేటెడ్' వెనక ఏముంటుంది?

మా ఫ్లాట్‌ని మాకు ముందున్నవాళ్లు బాగు చేయించారు. వంటింట్లో కొత్త కేబినెట్లు, గ్రానైట్ గట్టు, ఎల్‌ఈడీ లైట్లు. ఓక్ చెక్క ఫ్లోర్ గీకించి పాలిష్ పట్టించారు. ఫొటోల్లో అదిరిపోతుంది. కానీ ఇంజినీర్ బుద్ధి కదా, ఫ్రంట్ ఎండ్ మెరిస్తే బ్యాక్ ఎండ్ ఏంటో చూడాలనిపిస్తుంది. చూశాం.

గోడలు ప్లాస్టర్‌వి. ఇప్పటి జిప్సమ్ బోర్డు గోడల్లా టకటకలాడవు. పక్కింటి టీవీ వినపడదు. బాగుంది. అయితే ప్లాస్టర్ వెనక లోహపు జాలీ ఉంది. దాంతో హాల్లో పెట్టిన వైఫై రూటర్ సిగ్నల్ బెడ్‌రూమ్‌లోకి వెళ్లేసరికి చచ్చిపోతుంది. ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే మెష్ వైఫై కొన్నాం. వందేళ్ల నాటి తాపీ పని మా స్టాండప్ మీటింగ్‌ని ఆపేసిందన్నమాట.

కరెంటు సంగతి అడగాలి. ఈ బిల్డింగులు కట్టినప్పుడు ఏసీలు లేవు, మైక్రోవేవులు లేవు. ఫ్లాట్‌కి ఎంత లోడు వస్తుందో, ప్యానెల్ ఎప్పుడు మార్చారో కనుక్కోకుండా గట్టు గ్రానైట్ చూసి మురిసిపోతే ఎండాకాలంలో మిక్సీ, ఏసీ కలిపి వేసినప్పుడు తెలుస్తుంది. పెయింట్ కూడా అడగాలి. న్యూయార్క్‌లో ఇళ్లకి సీసం కలిపిన రంగులు వాడొద్దని 1960లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇంట్లో అడుగు పొరల్లో అది ఉండే అవకాశం ఎక్కువ. చిన్న పిల్లలున్నవాళ్లు టెస్ట్ చేయించుకోవాల్సిందే. విడిగా వాషింగ్ మెషీన్ పెట్టుకోనివ్వరు, పాత పైపులు తట్టుకోవని. బేస్‌మెంట్‌లో అందరికీ కలిపి లాండ్రీ ఉంటుంది.

ఇక రేడియేటర్. కింద బాయిలర్‌లో నీళ్లు మరిగి, ఆవిరి పైపుల్లోంచి ఆరో అంతస్తు దాకా వస్తుంది. దారిలో ఎక్కడైనా నీళ్లు నిలిచి ఉంటే ఆవిరి తగిలి 'ఠంగ్ ఠంగ్' మంటుంది. మొదటి రాత్రి ఎవరో సుత్తితో కొడుతున్నారనుకున్నాం. చలికాలంలోనూ కిటికీ తెరవాలనిపించేంత వేడి. దీనికో కథ ఉంది. 1918 ఫ్లూ తర్వాత గాలి ఆడేలా కిటికీలు తీసి ఉంచాలని ఆరోగ్య అధికారులు గట్టిగా చెప్పారట. అందుకే కిటికీ తీసినా గది వెచ్చగా ఉండేలా అప్పటి బాయిలర్లు, రేడియేటర్ల సైజు లెక్కగట్టారని పాత హీటింగ్ పద్ధతులు తెలిసినవాళ్లు చెప్తారు. ఆ వేడిని మనవాళ్లు వృథా పోనివ్వరు. డిసెంబర్‌లో దోసెల పిండి పులియాలంటే అమెరికాలో అందరూ ఓవెన్ లైటు వేసి తంటాలు పడతారు. మేం గిన్నెని రేడియేటర్ పక్కన పెడతాం. తెల్లారేసరికి పొంగి మూత తోసేస్తుంది. పెరుగూ అక్కడే తోడుకుంటుంది.

వంటింటి కిటికీ గొప్పతనం కూడా అప్పుడే తెలిసింది. కొత్త టవర్లలో వంటిల్లు హాల్లోనే ఓ మూల ఉంటుంది, కిటికీ ఉండదు. ఎండుమిర్చి పోపు వేస్తే సోఫా, పరుపు, ఆఫీసు బట్టలు అన్నీ తుమ్ముతాయి. ఇక్కడ వంటిల్లు విడిగా, తలుపుతో, తోట వైపు తెరుచుకునే కిటికీతో ఉంది. వందేళ్ల కిందటి ఆర్కిటెక్ట్‌కి పోపు సంగతి తెలీదు గానీ, మా అత్తయ్య వచ్చి చూసి మెచ్చుకున్న ఒకే ఒక్క అమెరికా వంటిల్లు అదే.

తలుపు తీయగానే ఫోయర్ అని ఓ గది వస్తుంది. గది అంటే గది కాదు, నడవ అంటే నడవ కాదు. కొత్త ఫ్లాట్లలో ఇంత చోటు వదలరు. మేం దాన్ని ఓ పక్క వర్క్ ఫ్రమ్ హోమ్ టేబుల్, ఇంకో పక్క దేవుడి మందిరం చేశాం. వీడియో కాల్‌లో వెనక వెంకటేశ్వరస్వామి కనిపిస్తూ ఉంటాడు. మా మేనేజర్ ఇప్పుడు ఆయన్నీ టీమ్‌లో కలిపేసుకున్నాడు.

"డబ్బులు కట్టి అద్దెకుంటారా?"

అసలు తిరకాసు వేరే ఉంది. ఈ ఇల్లు కొన్నామంటే ఇల్లు కొన్నట్టు కాదు. ఈ పేటలో చాలా బిల్డింగుల్లాగే మాదీ కో-ఆప్. తెనాలిలో ఉన్న మా నాన్నకి ఫోన్‌లో ఇది చెప్పడానికి నాకు గంటన్నర పట్టింది.

"అమ్మాయ్, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద చేయిస్తున్నారు?"

"రిజిస్ట్రేషన్ ఉండదు నాన్నా. షేర్ సర్టిఫికెట్ ఇస్తారు."

"షేర్లా? మరి ఇల్లు?"

"బిల్డింగ్ మొత్తం ఓ కంపెనీది. ఆ కంపెనీలో మనకి షేర్లు. షేర్లు ఉన్నవాళ్లకి ఫలానా ఫ్లాట్‌లో ఉండొచ్చని లీజు రాసిస్తారు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు. "అంటే లక్షల డాలర్లు కట్టి అద్దెకుంటారా?"

చట్టం మాటల్లో చూస్తే ఆయన అన్నది కరెక్టే. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటే మన పేరు మీద సేల్ డీడ్ ఉంటుంది, భూమిలో ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని రాస్తారు. రేపు బిల్డింగ్ కూలినా ఆ గజాలు మనవి. మన హౌసింగ్ సొసైటీలు కూడా స్థలం కొని, ప్లాట్లు వేసి, సభ్యులకి ఇచ్చేస్తాయి. ఇక్కడ సొసైటీ ఏదీ విడదీసి ఇవ్వదు. భూమి, గోడలు, బాయిలర్, తోట అన్నీ కంపెనీ దగ్గరే. జాక్సన్ హైట్స్‌లో ఈ పద్ధతిలో అమ్మకాలు మొదలై వందేళ్లు దాటింది.

నెలనెలా 'మెయింటెనెన్స్' కట్టాలి. మన అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లాంటిది కాదు. ఆస్తి పన్ను, వేడి, వేడినీళ్లు, సిబ్బంది జీతాలు, బిల్డింగ్ మీద కంపెనీ తీసుకున్న అప్పుంటే దాని వాయిదా, అన్నీ అందులోనే. అందుకే ఫ్లాట్ రేటు ఒక్కటే చూస్తే సరిపోదు. కంపెనీ బ్యాలెన్స్ షీట్ చదవాలి. రిపేర్ల నిధి ఎంతుంది, గోడల రిపేరు ఎప్పుడు రాబోతోంది, బాయిలర్ వయసెంత. 25 వేల చదరపు అడుగులు దాటిన బిల్డింగులకి నగరం పెట్టిన కర్బన పరిమితులు 2024లో మొదలయ్యాయి, 2030లో ఇంకా బిగుస్తాయి. ఆ ఖర్చంతా చివరికి షేర్లున్నవాళ్ల నెత్తినే. అద్దెకివ్వాలన్నా, గోడ కదపాలన్నా బోర్డు ఒప్పుకోవాలి.

నాన్న చివరికి అన్న మాట: "ఆ డబ్బులతో గుంటూరు దగ్గర ప్లాటు కొని పడేస్తే పదేళ్లకి ఎంతవుతుందో తెలుసా?" తెలుసు. లేదా తెలుసనుకుంటాం. కానీ ప్లాట్‌లో ఇప్పుడు పడుకోలేం కదా.

బోర్డు గది, అరవై రోజుల గడువు

కో-ఆప్‌లో అమ్మేవాడు ఒప్పుకుంటే చాలదు, బోర్డు ఒప్పుకోవాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్ను రిటర్నులు, ఆఫీసు లెటర్లు, మనల్ని ఎరిగినవాళ్ల సిఫారసు ఉత్తరాలు. మొత్తం కట్ట ఇంజినీరింగ్ ప్రాజెక్ట్ రిపోర్ట్ కంటే లావు. జీతంలో అప్పులకి ఎంత పోతుందో, కొన్నాక చేతిలో ఎన్ని నెలల ఖర్చు మిగులుతుందో లెక్కేస్తారు. తర్వాత ఇంటర్వ్యూ. పెళ్లిచూపులకీ, క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కీ మధ్యలో ఉంటుంది.

వద్దనుకుంటే కారణం చెప్పక్కర్లేదు. జాతి, మతం, పుట్టిన దేశం, వీసా స్థితి చూసి కాదనకూడదని నగర చట్టం ఉంది. కానీ కారణమే చెప్పనప్పుడు ఎందుకు కాదన్నారో ఎలా నిరూపిస్తాం? వేరే పేటలో ఓ బిల్డింగ్ మమ్మల్ని ఒక్క వాక్యంలో కాదంది. లెక్కలన్నీ వాళ్లడిగినట్టే ఉన్నాయి. ఆ వాక్యాన్ని మా ఆయన చాలా సార్లు చదివాడు. అందులో ఏమీ లేదు. చదవడానికి ఏమీ లేకపోవడమే బాధ.

జాక్సన్ హైట్స్ ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న అడిగారు. ఉద్యోగం పోతే ఏం చేస్తారు? దానికి హెచ్‌1బీ మీద ఉన్న ప్రతి తెలుగువాడికీ తెలిసిన జవాబు ఒకటే. ఉద్యోగం పోతే 60 రోజుల్లోపు ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే దేశం వదలాలి. గ్రీన్‌కార్డు క్యూ మనవాళ్లకి ఏళ్ల తరబడి సాగుతుంది. 60 రోజుల్లో కో-ఆప్ ఫ్లాట్ అమ్మడం కష్టం, ఎందుకంటే కొనేవాణ్ణి కూడా బోర్డు ఇంటర్వ్యూ చేయాలి! నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మెయింటెనెన్స్, లోన్ కలిపి ఇన్ని నెలలకి సరిపడా పక్కన పెట్టాం, ఇద్దరిలో ఒకరి జీతం మీద నడపగలం, ఇద్దరివీ పోతే అమ్ముకుని వెళ్తాం అని.

మరి ఇంత రిస్క్ ఎందుకు? ఎందుకంటే ఏడేళ్లుగా అన్నీ 'గ్రీన్‌కార్డు వచ్చాక' అనే వాయిదాలోనే పెట్టాం. మంచి సోఫా, ఆ తర్వాతే. గోడకి మేకు, ఆ తర్వాతే. పిల్లలు, ఆ తర్వాతే. ఇరవైల్లో మొదలైన వాయిదా నలభైల దాకా సాగేట్టుంది. ఆ లెక్క గుంటూరు ప్లాటు లెక్కలోకి రాదు.

వారం తర్వాత మెయిల్ వచ్చింది. ఒప్పుకున్నారు.

ఈ తలుపు ఒకప్పుడు ఎవరికి?

కొన్నాక ఈ పేట చరిత్ర చదువుతుంటే ఓ విషయం దగ్గర ఆగిపోయాను. ఈ అందమైన తోటల ఇళ్లు అందరి కోసం కట్టినవి కావు. నల్లజాతివాళ్లకీ యూదులకీ ఇక్కడ ఇల్లు ఇచ్చేవాళ్లు కాదు. కో-ఆప్ పద్ధతి అందుకు చక్కగా పనికొచ్చింది. ఎవరు కొనాలో సంఘమే తేలుస్తుంది కదా.

మరి మనం? తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. రైలు ఇక్కడికి వచ్చిన 1917లోనే, భారతీయులతో సహా ఆసియాలో చాలా దేశాలవాళ్లు రాకుండా అమెరికా చట్టం చేసింది. 'టవర్స్' కడుతున్న 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు 'తెల్లవారు' కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పౌరసత్వం తలుపు 1946లో తెరుచుకుంది. వలస తలుపు అప్పుడు కొద్దిగా, 1965 వలస చట్టంతో బాగా తెరుచుకుంది. 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది.

1970ల్లో 74వ వీధిలో భారతీయుల దుకాణాలు మొదలయ్యాయి. ఇండియాకి పట్టుకెళ్లడానికి 220 వోల్టుల సామాన్లు, చీరలు, బంగారం, పప్పులు. 2004లో ఆ వీధికి కల్పనా చావ్లా పేరు పెట్టారు. ఎవర్ని రానివ్వకూడదని కట్టారో, ఆ పేటకి మనమ్మాయి పేరున్న వీధి.

ఇదంతా గొప్పగా చెప్పుకోడానికి కాదు. రేపు మా బోర్డులో నేనూ కూర్చోవచ్చు. కొత్తగా వచ్చే వాళ్ల కట్ట నా ముందు పెట్టొచ్చు. కారణం చెప్పకుండా కాదనే హక్కు అప్పుడు నాక్కూడా ఉంటుంది. ఆ రోజు ఆ ఒక్క వాక్యం మెయిల్ గుర్తుంటే చాలు.

మీరు వెళ్తే ఇలా తిరగండి

న్యూయార్క్ వచ్చినవాళ్లు టైమ్స్ స్క్వేర్ చూసి వెళ్లిపోతారు. ఓ పూట ఇటు రండి. మన్‌హటన్ నుంచి ఈ, ఎఫ్ రైళ్లలో రూజ్‌వెల్ట్ అవెన్యూ స్టేషన్‌లో దిగితే చాలు. అక్కడే డైవర్సిటీ ప్లాజా. 73వ వీధిలో బంగ్లాదేశీ దుకాణాలు, చుట్టూ నేపాలీ, టిబెటన్ మోమోల బండ్లు, 74వ వీధిలో మన కిరాణా. రైలు పట్టాల కింద రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద కొలంబియా వాళ్ల మొక్కజొన్న రొట్టెలు, అరెపాలు. మన జొన్నరొట్టెకి దూరపు చుట్టం అనిపిస్తుంది.

కడుపు నిండాక ఉత్తరం వైపు నడవండి. రెండు మూడు వీధులు దాటగానే గోల ఆగిపోయి చెట్లు మొదలవుతాయి. 35వ అవెన్యూ, 81వ వీధి కలిసే చోట బోర్డు చూడండి. ఒక్కో అక్షరం కింద చిన్న అంకె ఉంటుంది. స్క్రాబుల్ ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ ఈ పేటవాడే. ఆయన ఓ ఆర్కిటెక్ట్. మాంద్యంలో ఉద్యోగం పోయాక ఈ ఆట మీద కూర్చున్నాడు. లేఆఫ్ అయిన ఫ్రెండ్స్‌ని నేను తప్పకుండా ఈ బోర్డు దగ్గరికి తీసుకెళ్తాను.

34వ అవెన్యూలో 2020 కోవిడ్ టైమ్‌లో 26 బ్లాకుల పొడవునా కార్లు ఆపి నడిచేవాళ్లకి వదిలారు. సాయంత్రం పిల్లల సైకిళ్లు, పెద్దవాళ్ల జుంబా, అన్నీ అక్కడే. లోపలి తోటలు మామూలు రోజుల్లో అక్కడ ఉండేవాళ్లకే. ఏటా జూన్‌లో ఓ వారాంతం కొన్నిటిని అందరికీ తెరుస్తారు. కుదిరితే అప్పుడే రండి. ఫ్లషింగ్ గణపతి ఆలయానికి వెళ్లాలంటే 7 నంబర్ రైలెక్కి చివరి స్టేషన్‌లో దిగండి. గుడి కింద క్యాంటీన్‌లో దోసె తినకుండా రావొద్దు. లాగార్డియా ఎయిర్‌పోర్టుకి క్యూ70 బస్సు ఇక్కణ్నుంచే, ఫ్రీ.

పాత ఇల్లు కొనే ఆలోచన ఉంటే మాత్రం రెండు మాటలు. గట్టు మీద గ్రానైట్ కాదు, గోడలో వైరు చూడండి. ఫ్లాట్ ఫొటోలు కాదు, కంపెనీ లెక్కల పుస్తకం చూడండి.

ఇంతకీ మా నాన్న పోయిన శీతాకాలం వచ్చి రెండు నెలలున్నారు. గోడల్ని పిడికిలితో కొట్టి చూశారు, బాయిలర్ గదికి వెళ్లి సూపరింటెండెంట్‌తో సైగలతో మాట్లాడారు. మార్చి నెలాఖర్లో తోట కమిటీ వాళ్లు మట్టి తవ్వుతుంటే, ఎవరూ పిలవకుండానే వెళ్లి పార పట్టుకున్నారు. తిరిగొచ్చి చేతులు కడుక్కుంటూ అన్నారు: "నేల బానే ఉందమ్మాయ్. మనది కాకపోయినా."